మ్యాపులో పచ్చ, నేల మీద ఎరుపు: డ్రోన్ ఆపరేటర్ ఎవరి మాట వినాలి?

2023 మెయిన్స్ జీఎస్-3 పేపర్ ఒకసారి తీసి చూడండి. సరిహద్దు అవతలి నుంచి శత్రువులు డ్రోన్లతో ఆయుధాలు, మత్తుమందులు పంపుతున్నారని, ఇది అంతర్గత భద్రతకు తీవ్రమైన ముప్పు అని చెప్పి, దాన్ని ఎదుర్కోవడానికి తీసుకుంటున్న చర్యలపై వ్యాఖ్యానించమని పది మార్కుల ప్రశ్న ఉంటుంది. మనమంతా దాన్ని ప్రాక్టీస్ చేశాం. జమ్మూ దాడి, పంజాబ్ సరిహద్దు, యాంటీ డ్రోన్ వ్యవస్థలు, 2019 నాటి కౌంటర్ రోగ్ డ్రోన్ మార్గదర్శకాలు, చివర "వే ఫార్వర్డ్". నూట యాభై పదాల్లో చక్కగా ఒదిగిపోతుంది.

ఆ జవాబులో ఒక మనిషి కనిపించడు. లైసెన్సు ఉన్న ట్రైనింగ్ సెంటర్లో నేర్చుకుని, సర్టిఫికెట్ తీసుకుని, డ్రోన్‌ను రిజిస్టర్ చేయించి, పొలానికి మందు కొట్టడానికో, రోడ్డు సర్వే చేయడానికో, చెరువు కొలవడానికో వెళ్లే ఆపరేటర్. అంతర్గత భద్రత చాప్టర్లో అతనికి చోటు లేదు. సైన్స్ అండ్ టెక్నాలజీ చాప్టర్‌కు వస్తే మాత్రం అతనే "అవకాశం", "స్టార్టప్", "2030 నాటికి ప్రపంచ డ్రోన్ హబ్". ఒకే మనిషి ఒక పేజీలో ముప్పు, ఇంకో పేజీలో అవకాశం. మన నోట్సులో ఉన్న ఈ చీలిక మన ప్రభుత్వంలోనూ ఉంది. ఒక శాఖ ఎగరమంటుంది, ఇంకో శాఖ ఎగిరితే కేసు పెడతానంటుంది.

ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే. రక్షణ అవసరాలకు ఆకాశంలో మొదటి హక్కు ఉండాల్సిందే. కానీ ఆ హక్కును మ్యాపు మీద రాసి, గడువు పెట్టి, కారణం చెప్పి వాడాలి. మ్యాపు బయట, నెలల తరబడి, కారణం లేకుండా వాడితే అది చట్టం పాటించేవాడినే నేలకు దించుతుంది. చట్టం పాటించనివాడు ఎగురుతూనే ఉంటాడు. దానివల్ల దేశానికి భద్రత పెరగదు, తగ్గుతుంది.

ముందు చరిత్ర: ఏడేళ్లలో ఇంత దూరం

2014లో ముంబయిలో ఒక పిజ్జా దుకాణం డ్రోన్‌తో డెలివరీ చేసి వార్తల్లోకెక్కింది. అదే ఏడాది అక్టోబరు 7న డీజీసీఏ ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చింది. నిబంధనలు తయారయ్యే వరకు పౌరులు, ప్రైవేటు సంస్థలు డ్రోన్లు వాడకూడదన్నది దాని సారాంశం. ఆ నిబంధనలు రావడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. 2018 ఆగస్టులో విడుదలై డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. డిజిటల్ స్కై అనే పోర్టల్, అనుమతి లేకపోతే డ్రోన్ లేవనే లేవని "నో పర్మిషన్, నో టేకాఫ్" విధానం అప్పుడే ప్రకటించారు. 2021 మార్చిలో యూఏఎస్ రూల్స్ వచ్చాయి. ఫారాలు 25, ఫీజులు 72 రకాలు. డ్రోన్ ఎగరేయడం కంటే కాగితాలు నింపడమే కష్టమైన పని అయింది.

ఆ తర్వాత 2021 జూన్ 27 తెల్లవారుజామున జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్ల ద్వారా పేలుడు పదార్థాలు జారవిడిచారు. దేశంలో ఒక సైనిక స్థావరంపై డ్రోన్ దాడి జరగడం అదే మొదటిసారి. వెంటనే జమ్మూ కశ్మీర్‌లోని పలు జిల్లాల్లో డ్రోన్లను నిషేధించారు. శ్రీనగర్‌లో అయితే అమ్మడం, దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం కూడా నిషేధమే. ఉన్నవాళ్లు తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. నౌకాదళం తన స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల మేర డ్రోన్లు ఎగరకూడదని, ఎగిరితే కూల్చేస్తామని హెచ్చరించింది.

ఇలాంటి సమయంలో ఏ ప్రభుత్వమైనా నిబంధనలు ఇంకా బిగిస్తుందని అనుకుంటాం. కేంద్రం సరిగ్గా దానికి ఎదురు చేసింది. దాడి జరిగి రెండు నెలలైనా కాకముందే, ఆగస్టు 25న, డ్రోన్ రూల్స్ 2021 నోటిఫై చేసింది. ఫారాలు 25 నుంచి 5కు, ఫీజులు 72 రకాల నుంచి 4కు తగ్గాయి. సెప్టెంబరు 24న గగనతల మ్యాపు విడుదలైంది. అంటే, ముప్పు అందరి కళ్ల ముందు ఉన్నప్పుడే, దాన్ని పూర్తిగా తెలిసిన ప్రభుత్వమే, పౌర డ్రోన్లను తెరవడం భద్రతకు విరుద్ధం కాదని తేల్చింది. ఈ విషయాన్ని మన జవాబుల్లో ఎవరూ రాయరు. నా దృష్టిలో ఇదే అసలు పాయింటు.

మ్యాపు చెప్పే మాట

డ్రోన్ రూల్స్ 2021 గగనతలాన్ని మూడు రంగులుగా విభజించింది. పచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య ఉన్న ప్రాంతంలో 200 అడుగుల వరకు కూడా అంతే. పసుపు జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉంటేనే. అంతకుముందు విమానాశ్రయం చుట్టూ 45 కిలోమీటర్ల దాకా ఉన్న పసుపు పరిధిని 12 కిలోమీటర్లకు కుదించారు.

మరి హఠాత్తుగా అవసరం వస్తే? ప్రధాని పర్యటన, ఎన్నికలు, అల్లర్లు, ఉగ్రవాద హెచ్చరిక. దానికీ నిబంధన ఉంది. 24వ రూల్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ తాత్కాలిక ఎరుపు జోన్ ప్రకటించవచ్చు. షరతులు మూడు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ప్రకటించాలి. ఒకసారికి 96 గంటలు మించకూడదు. డిజిటల్ స్కై మ్యాపు మీద చూపించాలి. దాని విస్తీర్ణం వీలైనంత తక్కువగా ఉండాలని కూడా అదే రూల్ చెబుతుంది.

ఇక ఆపరేటర్ వైపు బాధ్యత. ఎగరేసే ముందు ఆ మ్యాపు చూసి, ఆంక్షలు ఉన్నాయేమో సరిచూసుకోవడం రిమోట్ పైలట్‌కు తప్పనిసరి. రూల్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా.

చూడటానికి ఎంత పొందికగా ఉందో గమనించండి. పోలీసులకు అధికారం, పౌరుడికి సమాచారం, ఇద్దరికీ ఒకటే మ్యాపు. ఇంజినీరింగ్ చదివినవాడిగా చెబుతున్నా, ఇది మంచి డిజైన్. చిక్కంతా దీన్ని పక్కన పెట్టి ఇంకో దారిలో వెళ్లడంలో ఉంది.

మ్యాపు బయటి నిషేధాలు

ఆ ఇంకో దారి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 163. పాత సీఆర్‌పీసీ సెక్షన్ 144 అన్నమాట. ముంబయి పోలీసులు డ్రోన్లు, పారాగ్లైడర్లు, హాట్ ఎయిర్ బెలూన్లు కలిపి నెల రోజుల చొప్పున నిషేధిస్తూ పదేపదే ఉత్తర్వులు ఇస్తుంటారు. ఢిల్లీలో గణతంత్ర దినోత్సవానికి ముందు, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రెండు వారాల నుంచి నెల దాకా నిషేధం ఏటా వచ్చే తంతు. ఇలాంటి ఉత్తర్వుకు గరిష్ఠ గడువు రెండు నెలలు. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. ఉల్లంఘిస్తే బీఎన్ఎస్ సెక్షన్ 223 కింద క్రిమినల్ కేసు. సందర్భాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు.

రెండు దారులను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక దాంట్లో 96 గంటలు, ఇంకో దాంట్లో రెండు నెలలు. ఒక దాంట్లో జరిమానా, ఇంకో దాంట్లో జైలు. ఒక దాంట్లో మ్యాపు మీద చూపించి తీరాలి, ఇంకో దాంట్లో ప్రెస్ నోటు ఇస్తే సరిపోతుంది. డ్రోన్ల కోసమే ప్రత్యేకంగా తయారైన నిబంధన ఉండగా, అల్లరి మూకలను ఆపడానికి వలస పాలనలో పుట్టిన సాధారణ అధికారాన్ని వాడటం దేనికి? జవాబు తేలికే. దాంట్లో షరతులు తక్కువ.

నాతో ఇంజినీరింగ్ చదివిన మిత్రుడొకడు సర్వే డ్రోన్ నడుపుతాడు. ఒక నగర శివార్లో లేఅవుట్ కొలతకు వెళ్లాడు. మ్యాపులో పచ్చ. అరగంటలో పోలీసులు వచ్చి, నగరంలో నిషేధం ఉందని స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఉత్తర్వు కాపీ అడిగితే పేపర్లో వచ్చిందన్నారు. డ్రోన్ తిరిగి చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులకూ బ్యాంకు ఈఎంఐ ఆగలేదు. కేసు పెట్టలేదు కాబట్టి అదృష్టవంతుడివని ఇంట్లో వాళ్లు ఓదార్చారు. మన దేశంలో చట్టం పాటించినవాడికి దక్కే ఓదార్పు ఇది!

ఇక్కడ అతను చేయాల్సింది ఇంకేమైనా మిగిలి ఉందా? చట్టం చూడమన్న మ్యాపు చూశాడు. అది పచ్చగా ఉంది. ప్రభుత్వం ఒక కంటితో రమ్మని, ఇంకో కంటితో ఉరిమి చూస్తే పౌరుడు ఏ కన్ను నమ్మాలి?

రాజ్యాంగం ఏమంటుంది

పాలిటీ కోణంలో దీన్ని మూడు మెట్లుగా చూడొచ్చు.

మొదటిది, అధికార విభజన. ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలో 29వ అంశం విమానాలు, విమానయానం, గగనతల రాకపోకల నియంత్రణ. 1వ అంశం దేశ రక్షణ. రాష్ట్ర జాబితాలో 1, 2 అంశాలు శాంతిభద్రతలు, పోలీసు. డ్రోన్ ఈ నాలుగింటి మధ్య ఎగురుతుంది. ఈ ఘర్షణను ముందే ఊహించి, పోలీసులకు గగనతలంలో పరిమిత పాత్ర ఇస్తూ రాసిందే 24వ రూల్. ఒక విషయంపై ప్రత్యేక నిబంధన ఉన్నప్పుడు సాధారణ నిబంధన దాన్ని మింగేయకూడదన్నది చట్టాల వ్యాఖ్యానంలో పాత సూత్రం. 96 గంటల పరిమితిని తప్పించుకోవడానికి 163ను వాడటం ఆ సూత్రానికి విరుద్ధమని నా వాదన.

రెండోది, అధికరణ 19(1)(జి), అంటే వృత్తి, వ్యాపార స్వేచ్ఛ. 19(6) కింద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు. దేశ భద్రత కోసం ఆంక్ష పెట్టడం సహేతుకమే, దానిపై తగాదా లేదు. కానీ ఒక జిల్లా మొత్తానికి, అన్ని డ్రోన్లకు, నెల మొత్తానికి పెట్టడం సహేతుకమా? తక్కువ ఆంక్షతో అదే లక్ష్యం సాధించే వీలుందా అన్నది అనుపాత పరీక్షలో కీలకమైన ప్రశ్న. ఇక్కడ ఆ తక్కువ ఆంక్ష ఊహాగానం కూడా కాదు. రూల్ బుక్‌లో అచ్చై ఉంది.

మూడోది, 2020 జనవరి 10న సుప్రీంకోర్టు ఇచ్చిన అనురాధా భసీన్ తీర్పు. మనం దీన్ని ఇంటర్నెట్ షట్‌డౌన్ తీర్పుగా మాత్రమే గుర్తుపెట్టుకుంటాం. అందులో సెక్షన్ 144 గురించి చెప్పినవి ఇక్కడా పనికొస్తాయి. ఉత్తర్వుల్లో ముఖ్యమైన వాస్తవాలు చెప్పాలి, వాటిని ప్రచురించాలి, అనుపాతం పాటించాలి, ఒకే రకం ఉత్తర్వులు పదేపదే ఇవ్వడం అధికార దుర్వినియోగమే అవుతుంది. నెలనెలా తేదీలు మార్చి ఇచ్చే డ్రోన్ నిషేధాలను ఈ కొలబద్దతో కొలిస్తే ఎన్ని నిలబడతాయి?

నష్టం ఎవరికి

డ్రోన్ అనగానే పెళ్లి వీడియోలు గుర్తొస్తాయి కాబట్టి, నిషేధిస్తే ఏం పోయిందిలే అనిపిస్తుంది. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికి కేంద్రం 1,261 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఒక్కో సంఘానికి 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సబ్సిడీ. మిగతాది అప్పు. ఏడాదికి కనీసం లక్ష రూపాయల అదనపు ఆదాయం వస్తుందని అంచనా వేశారు. మందు కొట్టే పనికి సీజన్ ఉంటుంది, సీజన్‌లోనూ అదను ఉంటుంది. మిర్చి తోటలో తామర పురుగు కనిపించాక రైతు వారం ఆగడు, మనుషులను పెట్టి కొట్టించేస్తాడు. అదను తప్పిన డ్రోన్ ఆ ఏడాదికి షెడ్డులో ఇనుమే. అప్పు మాత్రం సంఘం పేరు మీద ఉంటుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ లెక్క ఇంకా దగ్గర. వికారాబాద్‌లో 2021 సెప్టెంబరు 11న "మెడిసిన్ ఫ్రమ్ ద స్కై" మొదలైంది. మందులు, టీకాలు డ్రోన్‌లో ఆరోగ్య కేంద్రాలకు పంపే ప్రయోగం. దానికి పైలట్ కంటిచూపు దాటి ఎగరాలి కాబట్టి కేంద్రం నుంచి ప్రత్యేక మినహాయింపు తీసుకోవాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పడవ వెళ్లలేని మేడల మీదికి డ్రోన్లే ఆహారం చేర్చాయి. ఆ తర్వాత నెల తిరగ్గానే అమరావతి డ్రోన్ సమ్మిట్, పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్ల ప్రదర్శన. స్వామిత్వ పథకంలో మూడు లక్షలకు పైగా గ్రామాల సర్వే జరిగింది డ్రోన్లతోనే. అవసరమైనప్పుడు డ్రోన్ అందరికీ చుట్టమే. పనయ్యాక పరాయిదైపోతోంది.

విశాఖపట్నం సంగతి చూడండి. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడే. నగర విమానాశ్రయం ఉన్నది ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరంలో. హైదరాబాద్‌లో బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక కేంద్రాలు, కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలలు, సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఈ రెండు నగరాల్లో రక్షణ శాఖకు నిజమైన, న్యాయమైన అవసరాలున్నాయి. అందుకే ఇక్కడి ఆపరేటర్‌కు స్పష్టత ఇంకా ఎక్కువ అవసరం. ఎక్కడ గీత ఉందో తెలిస్తే అతను గీత ఇవతలే ఉంటాడు. గీత ప్రతి నెలా జరిగితే, జరిగిందని అతనికి చెప్పకపోతే, ఎవరిని తప్పుపడతాం?

ఆకాశం ఇరుకు డ్రోన్లకే పరిమితం కాదు. భారత గగనతలంలో 60 శాతమే స్వేచ్ఛగా అందుబాటులో ఉందని 2020 మేలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా చెప్పారు. ఆంక్షలు సడలిస్తే పౌర విమానయానానికి ఏటా సుమారు 1,000 కోట్ల రూపాయలు ఆదా అవుతుందన్నారు. పెద్ద విమానాల విషయంలో సైన్యం, పౌర విమానయాన శాఖ కూర్చుని మాట్లాడుకుని గగనతలాన్ని సమయాల వారీగా పంచుకునే పద్ధతి మొదలుపెట్టాయి. ఎయిర్‌లైన్ కంపెనీకి దొరికిన ఆ మర్యాద పది కిలోల స్ప్రే డ్రోన్ నడిపే పల్లెటూరి మహిళకు ఎందుకు దొరకదు?

అవతలి వాదన

అవతలి వాదనను తేలిగ్గా తీసుకోవడం అన్యాయం. పంజాబ్ సరిహద్దులో బీఎస్ఎఫ్ 2023లో 107 డ్రోన్లు స్వాధీనం చేసుకుంటే 2024లో 294 చేసుకుంది. ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే 8 రాత్రి, పాకిస్తాన్ 36 ప్రాంతాల మీదికి 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యమే ప్రకటించింది. ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూతపడ్డాయి. అదే ఏడాది జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లో దాచిన చిన్న డ్రోన్లతో రష్యా లోపలి వైమానిక స్థావరాలను దెబ్బతీసింది. మార్కెట్లో దొరికే డ్రోన్‌కూ ఆయుధానికీ మధ్య దూరం ఎంత తక్కువో ప్రపంచమంతా చూసింది. ఆకాశంలో చుక్కలా కనిపించే డ్రోన్ సర్వే వాడిదో శత్రువుదో కింద నిలబడ్డ కానిస్టేబుల్ ఎలా చెప్పగలడు? అన్నిటినీ ఆపేస్తే, ఎగిరేది శత్రువుదేనని తేలుతుంది కదా?

యుద్ధం జరిగే రోజుల్లో, సరిహద్దు జిల్లాల్లో, ఈ వాదన నూటికి నూరుపాళ్లూ సరైనది. మే నెల నిషేధాలను నేను తప్పుపట్టను. కానీ ఇదే వాదనను పండుగ బందోబస్తుకూ, ఏడాది పొడవునా నగరాలకూ అన్వయిస్తే మూడు చోట్ల కూలిపోతుంది.

ఒకటి, జమ్మూలో దాడి చేసినవాడు డిజిటల్ స్కై తెరిచి చూడలేదు. దొంగ తలుపు తట్టి రాడు. నిషేధ ఉత్తర్వు చదివి ఆగిపోయేది రిజిస్టర్ చేసుకున్నవాడే. అంటే ప్రభుత్వానికి ఇప్పటికే పేరు, ఊరు, డ్రోన్ నంబరు తెలిసినవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

రెండు, గుర్తింపు సమస్యకు పరిష్కారం గుర్తింపు వ్యవస్థే. డ్రోన్ రూల్స్ 2021లోనే నో పర్మిషన్ నో టేకాఫ్, ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపే ట్రాకింగ్ బీకన్, జియో ఫెన్సింగ్ గురించి రాశారు. రాసి, భవిష్యత్తులో నోటిఫై చేస్తామని, అప్పుడు కనీసం ఆరు నెలల గడువు ఇస్తామని వదిలేశారు. 2021 అక్టోబరులో డ్రోన్ల ట్రాఫిక్ నిర్వహణకు జాతీయ విధాన పత్రం కూడా వచ్చింది. కానిస్టేబుల్ చేతిలోని ఫోనులో, పైన ఎగురుతున్నది ఎవరిదో కనిపించే రోజు రావాలంటే కావాల్సినవి ఇవి. అమెరికాలో విమానాశ్రయాల దగ్గర ముందే నిర్ణయించిన ఎత్తు లోపు ఎగరడానికి లాన్క్ అనే వ్యవస్థ దాదాపు అప్పటికప్పుడే అనుమతి ఇస్తుంది. యూపీఐ కట్టిన దేశానికి ఇది చేతకాని పని కాదు.

మూడు, తరచూ నిషేధిస్తే నిజాయితీపరుడు కూడా రిజిస్టర్ చేసుకోవడం మానేస్తాడు. రిజిస్టర్ చేసుకుంటే పోలీసుల లిస్టులో మొదట ఉంటాం, చేసుకోకపోతే ఎవరికీ తెలియదు అన్న లెక్క ఒకసారి మొదలైతే, మనం కట్టుకున్న డేటాబేస్ ఖాళీ అవుతుంది. అప్పుడు ముప్పును కనిపెట్టడం ఇంకా కష్టం.

రక్షణకే నష్టం

ఇక అసలు విచిత్రం. ఈ పద్ధతి వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది రక్షణ రంగమే.

2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు. విడిభాగాలకు అనుమతి అక్కర్లేదు. దేశీయ తయారీకి 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం అప్పటికే ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. కానీ పైన పెట్టె మనదైనా లోపలి మోటార్లు, ఫ్లైట్ కంట్రోలర్లు, బ్యాటరీలు చాలావరకు చైనావే. 2023 సెప్టెంబరు 1 నుంచి చైనా డ్రోన్ల మీద, కొన్ని కీలక భాగాల మీద ఎగుమతి నియంత్రణలు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో చైనా భాగాల కారణంగా సైన్యం 400 లాజిస్టిక్స్ డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసింది. సైన్యం చేసింది సరైన పనే.

మరి మనదైన మోటారు, మనదైన కంట్రోలర్ ఎలా పుడతాయి? ఒక్క సైన్యం ఆర్డర్లతోనే ఏ ఫ్యాక్టరీ బతకదు. వేలల్లో కొనే రైతు, సర్వేయర్, మైనింగ్ కంపెనీ ఉంటేనే విడిభాగం చవకవుతుంది, లోపాలు బయటపడతాయి, కొత్త మోడల్ వస్తుంది. ఉక్రెయిన్‌లో యుద్ధం తొలి రోజుల్లో ముందుకొచ్చింది డ్రోన్లు ఎగరేయడం, విప్పి బాగుచేయడం తెలిసిన మామూలు పౌరులు. పౌర ఆపరేటర్లు రక్షణకు పోటీదారులు కారు. రేపటి అవసరానికి వాళ్లే నిల్వ. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే, మిగిలేది ఎలుకలే.

కర్నూలు జిల్లా ఈ బంధానికి చక్కటి ఉదాహరణ. అక్కడి డీఆర్‌డీఓ ప్రయోగ క్షేత్రంలో 2025 జులైలో డ్రోన్ నుంచి క్షిపణి పేల్చి పరీక్షించారు. అదే జిల్లా ఓర్వకల్లులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ తలపెట్టింది. ఒకే నేల మీద రెండూ బతకాలంటే గగనతలాన్ని గంటల లెక్కన పంచుకోవాల్సిందే. అక్కడ సాధ్యమైతే మిగతాచోట్ల ఎందుకు కాదు?

పన్నుల్లో మాత్రం ప్రభుత్వం సరైన అడుగే వేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్లన్నిటికీ జీఎస్టీ 5 శాతమే. కానీ అదే నెలలో వచ్చిన పౌర డ్రోన్ల ముసాయిదా బిల్లు, జరిమానాతో పోయే ఉల్లంఘనల్లో కొన్నిటికి జైలు శిక్ష ప్రతిపాదించింది, పోలీసులకు సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారం ఇవ్వజూసింది. డ్రోన్ చవకైంది, దాన్ని ఎగరేయడం ప్రమాదమైంది. ఒక చేత్తో అన్నం పెట్టి ఇంకో చేత్తో విస్తరి లాగేసే పద్ధతి ఇది.

చేయాల్సినవి

ఒకటి, గగనతలంలో ఏ ఆంక్ష అయినా డిజిటల్ స్కై మ్యాపు మీద కనిపించాకే అమల్లోకి రావాలి. మ్యాపులో లేని నిషేధం ఉల్లంఘించాడని పైలట్‌ను శిక్షించకూడదు.

రెండు, డ్రోన్ల విషయంలో పోలీసులు 24వ రూల్‌నే వాడాలని కేంద్ర హోం శాఖ, పౌర విమానయాన శాఖ కలిసి రాష్ట్రాలకు సూచన ఇవ్వాలి. 96 గంటలు దాటి పొడిగించాలంటే కొత్త కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

మూడు, వ్యవసాయం, ఆరోగ్యం, విపత్తు సేవలకు నిషేధ కాలంలో కూడా, రిజిస్టర్ అయిన డ్రోన్‌కు, నిర్ణీత పొలం మీద, నిర్ణీత ఎత్తులో అనుమతి దొరికే దారి ఉండాలి. శ్రీనగర్ నిషేధంలో కూడా ప్రభుత్వ శాఖల సర్వే, వ్యవసాయ పనులకు పోలీసులకు చెప్పి ఎగరేసే మినహాయింపు ఇచ్చారు. అంత సున్నితమైన చోట కుదిరినది గుంటూరులో కుదరదా?

నాలుగు, ట్రాకింగ్, జియో ఫెన్సింగ్ నిబంధనలను "భవిష్యత్తు" నుంచి తేదీకి తేవాలి. చిన్న ఆపరేటర్లకు ఆ పరికరం ఖర్చులో సబ్సిడీ ఇవ్వాలి.

ఐదు, కొత్త చట్టంలో జైలు శిక్షను దురుద్దేశం ఉన్న నేరాలకే పరిమితం చేయాలి. ప్రక్రియలో జరిగే పొరపాటుకు జరిమానా చాలు.

వీటిలో ఏ ఒక్కటీ సైన్యం చేతులు కట్టేయదు. ఎరుపు జోన్ ఎరుపుగానే ఉంటుంది. యుద్ధం వస్తే ఆకాశం మొత్తం మూయొచ్చు. అడిగేదల్లా మూసినప్పుడు మూశామని చెప్పమనే.

చివరిగా మనకు

ఈ బ్లాగు చదివేవాళ్లలో కొందరైనా రేపు ఎస్పీలు, కలెక్టర్లు అవుతారు. ఏదో ఒక ఆగస్టు మొదటి వారంలో, రాత్రి పదకొండు గంటలకు, ఒక గుమస్తా పోయినేడాది ఉత్తర్వులో తేదీలు మార్చి తెచ్చి టేబుల్ మీద పెడతాడు. "ఏటా ఇచ్చేదే సార్" అంటాడు. సంతకం పెట్టడం అర నిమిషం పని. ఏదైనా జరిగితే నిషేధించలేదేమని అడుగుతారు తప్ప, నిషేధించారేమని ఎవరూ అడగరు. కాబట్టి సంతకమే సురక్షితం అనిపిస్తుంది.

ఎథిక్స్ పేపర్లో మనం నిష్పాక్షికత, జవాబుదారీతనం, బలహీనుల పట్ల సానుభూతి అని నిర్వచనాలు రాస్తాం. వాటికి అసలు పరీక్ష ఆ అర నిమిషంలో ఉంటుంది. ఎన్ని రోజులు, ఎంత మేర, ఏ కారణంతో, మ్యాపులో పెట్టారా అని నాలుగు ప్రశ్నలు అడిగి, ఆ తర్వాత సంతకం పెట్టే అధికారి దేశ భద్రతను తగ్గించడు. ఆ జిల్లాలో అప్పు తీసుకుని డ్రోన్ కొన్న సంఘం మరుసటి ఉదయం పొలానికి వెళ్లొచ్చో లేదో మాత్రం ఆ నాలుగు ప్రశ్నలే తేలుస్తాయి.